సెఫ్టాజిడైమ్ వయల్‌లో వాసన: మంచి బ్యాచ్‌లోనూ అదే పీక్ వస్తోంది, ఎందుకు?

ప్రశ్న (పైడిభీమవరం, క్యూసీ అంటే మందుల నాణ్యత పరీక్ష విభాగం): మా సెఫ్టాజిడైమ్ (యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పొడి) మీద ఒక ఆసుపత్రి నుంచి కంప్లైంట్ వచ్చింది. ఇంజెక్షన్ కలపగానే కుళ్లు చేపల్లాంటి వాసన వస్తోందట, నర్సులు కలపడానికి వెనకాడుతున్నారట. వాళ్లు పంపిన వయల్ మూత తీస్తే మాకూ తెలిసింది. పొడిని నీళ్లలో కరిగించి, 85 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి హెడ్‌స్పేస్ జీసీ (సీసాలో పైన చేరిన ఆవిరిలో ఏమేం ఉన్నాయో విడదీసి చూసే పరీక్ష) చేశాను. పిరిడిన్ (ఘాటు చేప వాసన వేసే రసాయనం) పీక్, అంటే గ్రాఫ్‌లో దాని గుర్తు, వచ్చింది. కానీ మా దగ్గరున్న కంట్రోల్ శాంపిల్‌లోనూ (పోల్చి చూడటానికి ఉంచిన మంచి వయల్) దాదాపు అంతే వస్తోంది. రోగి నరంలోకి వెళ్లే మందు ఇది. తేడా లేదని రాసేసి ఫైల్ మూయడానికి మనసొప్పడం లేదు.

జవాబు 1 (శ్రీకాకుళం, అనలిటికల్ ఆర్ అండ్ డీ): మూయకు తమ్ముడూ. పిరిడిన్ ఇక్కడ మిగిలిపోయిన సాల్వెంట్ కాకపోవచ్చు, సెఫ్టాజిడైమ్ అణువులోనే ఉంది. మందు విరిగితే ఊడి వస్తుంది. నీళ్లలో 85 డిగ్రీల వేడి పెడితే మంచి మందు కూడా విరుగుతుంది. అంటే రెండు శాంపిళ్లలోనూ పిరిడిన్‌ని నీ ఓవెనే తయారు చేస్తోంది, అసలు తేడా అందులో మునిగిపోతోంది. క్షారం కలిపితే ఇంకా విరుగుతుంది, ఆ పని చేయొద్దు.

పొడిని కరిగించకుండా, వయల్ తెరవకుండా, 40 డిగ్రీల దగ్గర ఉంచి స్టాపర్ (రబ్బరు మూత) గుండా ఎస్‌పీఎంఈ ఫైబర్ (ఆవిరిని పీల్చుకుని జీసీకి అందించే సన్నని పోగు) పెట్టు. కంప్లైంట్ బ్యాచ్‌లో ఇంకా తెరవని వయల్, కంట్రోల్, ఖాళీ వయల్‌కి అదే లాట్ స్టాపర్ బిగించినది, మూడూ ఒకే రోజు నడుపు. రబ్బరు నుంచి కూడా వాసనలొస్తాయి. పిరిడిన్ క్షార గుణం వల్ల మామూలు కాలమ్‌లో (జీసీలో పదార్థాలను విడదీసే గొట్టం) పీక్ తోక సాగుతుంది, అమీన్ల (ఇలాంటి క్షార పదార్థాల) కోసం చేసిన కాలమ్ ఉంటే మేలు. ఎంత ఉందో తేల్చేది మాత్రం ఫార్మకోపియాలోని (మందుల ప్రమాణాల అధికారిక పుస్తకం) హెచ్‌పీఎల్‌సీ పరీక్షే (ద్రావణంలోని పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతి). ఇంకోటి, వాసన చూసి తేల్చుకుందామని పొడి దగ్గర ముక్కు పెట్టొద్దు, సెఫలోస్పోరిన్ ఎలర్జీ అలాగే అంటుకుంటుంది.

జవాబు 2 (విజయనగరం, ఆసుపత్రి ఫార్మసిస్టు): ఈ మందులో సోడియం కార్బొనేట్ ఉంటుంది కదండీ, నీళ్లు పోయగానే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. సూది గుచ్చగానే ఆ గ్యాస్‌తో పాటు వాసన బయటికి తన్నుతుంది. కొద్దిపాటి వాసన మంచి వయల్‌కీ ఉంటుంది. కానీ వేడికి గురైతే పెరుగుతుంది. స్టాక్ ఎక్కడ పెట్టారో, ఏ వ్యాన్‌లో వచ్చిందో అడగండి. అనుమానమున్న బాక్సుని పక్కన పెట్టి బ్యాచ్ నంబర్ రాసుకోమని ఆసుపత్రికి ఇప్పుడే చెప్పండి.

ప్రశ్న అడిగినవారు: ఇద్దరికీ థాంక్స్. ఆసుపత్రికి ఫోన్ చేశాను, బాక్సు పక్కన పెట్టారు. స్టాపర్ లాట్ స్టోర్స్‌లో దొరికింది, రేపు మూడూ కలిపి నడుపుతాను. ఫైబర్ ఎంతసేపు ఉంచాలి అన్నా?

జవాబు 1: పది నిమిషాలతో మొదలుపెట్టు. మూడింటికీ సమయం ఒకేలా ఉండాలి.