ప్రభుత్వానికీ హద్దులుంటాయని తొమ్మిదో తరగతి పిల్లలకు ఎలా చెప్పాలి?

ప్రశ్న (సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయిని, గుంటూరు):
మా పిల్లలు ప్రాథమిక హక్కులను తడుముకోకుండా అప్పజెబుతారు, పదకొండు ప్రాథమిక విధులనూ వరుస తప్పకుండా రాస్తారు. అయితే రాజ్యాంగానికి ఎవరు లోబడి ఉండాలని అడిగితే మాత్రం తరగతి అంతా ఒక్క గొంతుతో ‘ప్రజలు’ అంది. పౌరసత్వం అంటే ఆధార్ కార్డు అని చెప్పినవారూ ఉన్నారు. అధికారంలో ఉన్నవారు కూడా గీత దాటకూడదన్న సంగతి వారికి తట్టనే లేదు, అదే నన్ను కలవరపెడుతోంది. ఇంగ్లండు రాజు అధికారానికి హద్దులు పెట్టిన 1215 నాటి ఒప్పంద పత్రం మాగ్నా కార్టాతో మొదలుపెడితే పరాయి దేశపు కథగా వినేసి ఊరుకుంటారేమో. ఎక్కడ మొదలుపెట్టాలో అనుభవజ్ఞులు చెప్పగలరా?

జవాబు (న్యాయవాది, విజయవాడ):
మేడమ్ గారూ, ఇంటి పన్ను నోటీసుతో మొదలుపెట్టండి. పిల్లలను ఇంట్లో ఉన్న నోటీసు తెమ్మని, ఈ డబ్బు అడిగే అధికారం కార్పొరేషన్‌కు ఎవరిచ్చారని అడగండి. కమిషనర్ గారు అని ఒకరు, ముఖ్యమంత్రి గారు అని మరొకరు అంటారు. అప్పుడు రాజ్యాంగంలోని 265వ అధికరణను బోర్డు మీద రాయండి: చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఏ పన్నూ విధించకూడదు, వసూలు చేయకూడదు. శాసనసభ చేసిన చట్టం వెనక లేకపోతే ఎంత పెద్ద అధికారి సంతకం ఉన్నా ఆ నోటీసు నిలవదు. ఆ చట్టమైనా ప్రాథమిక హక్కులకు విరుద్ధంగా ఉంటే, విరుద్ధమైనంత మేరకు చెల్లదని 13వ అధికరణ చెబుతుంది. ఈ రెండూ అర్థమైన పిల్లవాడికి, అరెస్టు చేసిన వ్యక్తిని ప్రయాణ సమయం మినహా 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలన్న నియమం ఎందుకుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఆధార్ విషయం కూడా తేల్చేయండి. అది గుర్తింపునకే తప్ప పౌరసత్వానికి రుజువు కాదు. పౌరసత్వం 5 నుంచి 11 వరకు ఉన్న అధికరణలను, 1955 నాటి పౌరసత్వ చట్టాన్ని బట్టి నిర్ణయమవుతుంది. 19వ అధికరణలోని వాక్ స్వాతంత్ర్యం వంటివి పౌరులకే ఉన్నా, 14 (చట్టం ముందు సమానత్వం), 21 (ప్రాణం, వ్యక్తిగత స్వేచ్ఛ) అధికరణల రక్షణ ఈ నేల మీద ఉన్న ప్రతి మనిషికీ వర్తిస్తుంది. విదేశీయుణ్ణి సైతం ప్రభుత్వం ఇష్టానుసారం నిర్బంధించలేదన్న మాట పిల్లలకు తప్పకుండా చెప్పాలి.

జవాబు (విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు):
అమ్మా, మాగ్నా కార్టా దాకా వెళ్లనక్కర లేదు, మన జిల్లా చరిత్రే చాలు. అప్పట్లో గుంటూరు జిల్లాలో ఉన్న చీరాల, పేరాలను కలిపి మున్సిపాలిటీ చేసి పన్నులు పెంచినప్పుడు, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో జనం ఇళ్లు విడిచి ఊరి వెలుపల రామనగరంలో కాపురం పెట్టారు. పల్నాడులో పశువుల మేతకు కట్టాల్సిన పుల్లరిని ఎదిరించిన కన్నెగంటి హనుమంతు గారు 1922లో ప్రాణాలు అర్పించారు. పన్ను వేసేవాడు జనానికి జవాబుదారీ కానప్పుడు వారికి ఇంతకన్నా దారి ఉండేది కాదు. అలాంటి పాలనను చూసిన తరం వారే రాజ్యాంగం రాసుకున్నారని చెబితే 265వ అధికరణ పిల్లల మనసుకు పడుతుంది.

ఇంకొక్క మాట. 1954లో ఆంధ్ర హైకోర్టు మన గుంటూరులోనే మొదలైంది, తొలి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు. ప్రాథమిక హక్కులను హరించే అధికారం పార్లమెంటుకు లేదని 1967లో గోలక్‌నాథ్ కేసులో చెప్పిన సుప్రీంకోర్టు ధర్మాసనానికి ఆయనే నాయకుడు. 1973లో కేశవానంద భారతి కేసులో పదముగ్గురు న్యాయమూర్తులు ఆ తీర్పును పక్కనపెట్టినా, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని, అంటే దాని మూల లక్షణాలను మాత్రం పార్లమెంటు మార్చలేదని ఏడుగురి మెజారిటీతో తేల్చారు. గుంటూరు పిల్లలకు ఈ సంగతి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

జవాబు (డిగ్రీ కళాశాల అధ్యాపకుడు, విజయవాడ):
పెద్దల మాటలతో ఏకీభవిస్తూనే ఒక అభ్యంతరం చెబుతాను. హద్దుల గురించే చెబితే ప్రభుత్వమంటే శత్రువని పిల్లలు అనుకోవచ్చు. వారు కూర్చున్న బడిని నడిపేదీ ప్రభుత్వమే కదా! అందుకే 2002 నాటి 86వ సవరణను చదివించండి. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత విద్య అందించే బాధ్యతను 21ఎ అధికరణ ద్వారా రాజ్యం మీద పెట్టిన ఆ సవరణే, వారికి చదువుకునే అవకాశం కల్పించడాన్ని తల్లిదండ్రులకు పదకొండో విధిగా చేసింది. ప్రభుత్వం చేయకూడనివే కాక చేసి తీరవలసినవీ ఉంటాయని వారికి అక్కడ కనిపిస్తుంది.

జవాబు (న్యాయవాది, విజయవాడ):
మాస్టారి అభ్యంతరం సబబే. కాకపోతే మిగిలిన పది విధులు 1976లో, అత్యవసర పరిస్థితి నడుస్తున్నప్పుడు వచ్చాయని కూడా చెప్పాలి. ఆ ఏడాదే, అక్రమ నిర్బంధాన్ని కోర్టులో ప్రశ్నించే వీలు పౌరుడికి లేదని సుప్రీంకోర్టు నలుగురి మెజారిటీతో తీర్పిచ్చింది. హెచ్.ఆర్. ఖన్నా గారొక్కరే విభేదించారు. 1978 నాటి 44వ సవరణ తర్వాత అత్యవసర పరిస్థితిలోనూ 20 (నేరాలకు శిక్ష విషయంలో రక్షణ), 21 అధికరణలను నిలిపివేయడానికి వీల్లేదు. విధులు నేర్పే రోజునే ఈ సంగతీ నేర్పాలన్నది నా దృఢమైన అభిప్రాయం.

ప్రశ్నించినవారు:
అందరికీ కృతజ్ఞతలు. పన్ను నోటీసుతోనే మొదలుపెడతాను. అయితే మా పిల్లల్లో చాలామందివి అద్దె ఇళ్లు, నోటీసు ఇంటి యజమాని దగ్గర ఉంటుంది. వారిని ఏం తెమ్మనాలి?

జవాబు (న్యాయవాది, విజయవాడ):
కరెంటు బిల్లు తెమ్మనండి. అందులో విద్యుత్ సుంకం అని వేరే పద్దు ఉంటుంది, అది పన్నే కాబట్టి దానికీ చట్టం కావాలి. యూనిట్ ధరనైతే విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ జరిపి నిర్ణయిస్తుంది, ఆ విచారణలో అద్దెకున్నవారైనా అభ్యంతరం చెప్పవచ్చు.