అతుకుల బొంత: తప్పు అతుకుదేనా?

ప్రశ్న: పొసగని పార్టీల కూటమి కనిపిస్తే చాలు, పత్రికలు "అతుకుల బొంత" అనేస్తాయి. బొంత కుట్టడం తెలిసినవాళ్లు చెప్పండి, అతుకు నిజంగా అంత బలహీనమా? అతుకు, మాసిక ఒకటేనా?

జవాబు: ఒకటి కాదండీ. రెండు ముక్కల అంచులు కలిపి కుడితే అతుకు. చిరుగు మీద వేరే ముక్క పరిచి చుట్టూ కుడితే మాసిక. ఇక బలం సంగతి. బొంత చిరిగేది అతుకు మీద కాదు, దాని పక్కన. ఉతికి ఉతికి పలచబడ్డ నేత చీరను పాలిస్టర్ దారంతో బిగించి కుట్టారనుకోండి, లాగినప్పుడు దారం తెగదు, గుడ్డను కోస్తుంది. నూలు దారం వాడాలి. చేత్తో అయితే అంగుళానికి నాలుగైదు కుట్లు చాలు. దగ్గర దగ్గరగా వేస్తే ఆ గీత వెంట చిల్లులు వరసకట్టి గుడ్డ అక్కడే విడిపోతుంది. దబ్బనం గోనెసంచులకు, బొంతకు కాదు.

జవాబు: ఇంకో కారణం, కొత్త ముక్క. దాన్ని వేడి నీళ్లలో నానబెట్టి ఆరేయకుండా పాతదాని పక్కన అతికితే మొదటి ఉతుకులోనే కుదించుకుపోయి పాతదాన్ని లాగేస్తుంది. మత్తయి సువార్త 9వ అధ్యాయంలో పాత బట్టకు కొత్తబట్ట మాసిక వేయరనీ, వేస్తే చినుగు పెద్దదవుతుందనీ ఉన్నది ఈ సంగతే.

ప్రశ్న: మరి కొలతలు?

జవాబు: కుట్టాక 6 అంగుళాల చదరం రావాలంటే ఆరున్నర కత్తిరించాలి, నాలుగు పక్కలా పావు అంగుళం అతుకులోకి పోతుంది. 60 × 90 అంగుళాల బొంతకు అడ్డం 10, నిలువు 15, మొత్తం 150 చదరాలు. అతుకు లోపలి అంచులను చెరో పక్కకు విడదీసి ఇస్త్రీ చేయకండి, రెండింటినీ ఒకే పక్కకు వాల్చండి. పక్కపక్క వరసల్లో వాలు మారిస్తే మూలలు ఒకదానికొకటి అమరుతాయి, లేదంటే నాలుగు ముక్కలు కలిసేచోట గడ్డ కట్టి సూది దిగదు.

అడుగున గట్టి చీర, మధ్యలో రెండో మూడో పాతవి, పైన అతుకుల పొర. ముందు గంజి పూర్తిగా వదిలించాలి. నేల మీద పరిచి, మూలల్లో బరువులు పెట్టి, మధ్య నుంచి అంచులకు పెద్ద టాకాలు వేసుకుంటూ రావాలి. అంచుల నుంచి మొదలుపెడితే ముడతలన్నీ నడిమధ్యకు చేరి అక్కడే ఉండిపోతాయి. దారం ఒక మూర చాలు, పొడుగైతే చిక్కుపడుతుంది.

జవాబు: సంస్కృతంలో బొంతకు కంథ అని పేరు. బెంగాలీల కాంథా అదే. భజగోవింద శ్లోకాల్లో "రథ్యాచర్పటవిరచితకంథః" అని ఉంది: వీధిలో దొరికిన పీలికలతో కుట్టిన బొంత.

ప్రశ్న: వీధి పీలికలంటే గుర్తొచ్చింది. హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలాంటి చోట పాత బట్టలు కొంటే ఏం చూడాలి?

జవాబు: వెలుతురుకు ఎత్తి పట్టండి. చీరలో ముందు పలచబడేది పాదాలకు రాసుకునే అడుగంచు, కూర్చునే చోటు. తర్వాత పడుగు (నిలువు పోగులు) వైపు, పేక (అడ్డం పోగులు) వైపు రెండు చేతులతో లాగండి. చిటపటమంటే వదిలేయండి, బేరం ఎంత తగ్గినా సరే. నూలో కాదో తేలకపోతే ఒక పోగు కాల్చండి: నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి ముద్ద కడుతుంది. తడి తెల్లగుడ్డతో రుద్దితే రంగు దిగేదీ లేనిదీ తెలుస్తుంది, ఎరుపు, ముదురు నీలాలను తప్పకుండా రుద్దండి. జరీ అంచు కత్తిరించేయాలి, ఒంటికి గీసుకుంటుంది.

ప్రశ్న: అయితే పత్రికలవాళ్లు మాట మార్చుకోవాలా?

జవాబు: అక్కర్లేదండీ, రంగు కలవని ముక్కలు కొట్టొచ్చినట్టు కనపడతాయి కాబట్టి ఆ పోలిక చెల్లుతుంది. పడిపోబోయే కూటమి గురించైతే మాత్రం "పాత బట్టకు కొత్త మాసిక" అనడం సరిగ్గా ఉంటుంది.