తిట్లు కురిపించు నోటనే తేనె లొలికె: ఈ వారం సమస్యాపూరణం

నిర్వాహకుని మాట

సమస్యలో విరోధం కనబడాలి, ఆ విరోధం పూరించినవారి పద్యంలో సహజంగా కరిగిపోవాలి అన్నది అవధాన వేదికల నుండి ఆకాశవాణి హైదరాబాదు కేంద్రం ప్రసారం చేసే సమస్యాపూరణం దాకా అందరూ ఒప్పుకొన్న నియమమే కాబట్టి, దానిని మళ్ళీ వివరించను. ఈ వారం ఇస్తున్నది తేటగీతి నాలుగవ పాదం; పై మూడు పాదాలూ మీరు రాయాలి.

తిట్లు కురిపించు నోటనే తేనె లొలికె

షరతు ఒక్కటే: సూర్యకాంతం గారిని తలచుకొని పూరించాలి. 1924 అక్టోబరు 28న కాకినాడ దగ్గరి వెంకటకృష్ణరాయపురంలో పుట్టి, 1950లో వచ్చిన ‘సంసారం’తో గయ్యాళి అత్తగా స్థిరపడి, 1994 డిసెంబరులో కన్నుమూసే దాకా ఆ పాత్ర అనగానే మరొకరి పేరు నోటికి రానివ్వని నటి ఆమె. ఆడపిల్లకు ఆ పేరు పెట్టడానికి తెలుగు తల్లిదండ్రులు జంకారని చెప్పుకుంటారు. అంతకు మించిన బిరుదు ఏ సభలోనూ దొరకదు. కొత్తగా చేరినవారి కోసం గణాలు గుర్తు చేస్తున్నాను: పాదానికి ఒక సూర్యగణం (మూడు మాత్రలది), రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు, పాదం మొదటి అక్షరానికి నాలుగవ గణం మొదటి అక్షరంతో యతి, అంటే ధ్వనిలో మైత్రి. ప్రాసనియమం లేదు. ఎప్పటిలాగే పేట పేర్లతోనే పిలుచుకుందాం.

కూకట్‌పల్లి అన్నగారి పూరణ

తెరను గయ్యాళి యత్తయై తిరుగు నామె
యింటి వంటలఁ దెచ్చి తా నెల్లరకును
బంచి తినుఁడని ప్రేమతోఁ బలుకు నపుడు
తిట్లు కురిపించు నోటనే తేనె లొలికె.

నిర్వాహకుడు: అన్నగారూ, నడక హాయిగా ఉంది, రెండవ పాదంలో ‘యింటి’కి ‘ఎల్లరకును’తో వేసిన యతి చక్కగా కుదిరింది. ఆమె ఇంట్లో వండించిన పదార్థాలను చిత్రీకరణ స్థలానికి తెచ్చి తోటివారికి కొసరి కొసరి పెట్టేవారన్న సంగతి ఆమెతో పనిచేసినవారు పదే పదే చెప్పుకున్నదే కనుక విషయంలోనూ తప్పు పట్టలేను. అయితే నా అభ్యంతరం వేరు. తెర మీద ఒక మనిషి, తెర వెనుక ఇంకొక మనిషి అని చెప్పగానే విరోధం తీరిపోతుంది, నిజమే. కానీ ఆ తాళంచెవితో ఏ తాళమైనా తెరుచుకుంటుంది. ప్రతినాయక పాత్రల రాజనాల గారి మీదా ఇదే పద్యాన్ని రెండు మాటలు మార్చి రాయవచ్చు. పైగా ఇందులో తేనె ఆమె తిట్లలో లేదు, పంచిన భోజనంలో ఉంది.

అమీర్‌పేట తమ్ముడి పూరణ

గుండమ్మ పాత్రలోఁ గొలువుండె నామె
సవతి కూఁతును సాధించు సమయమందు
హాలు హాలంత నవ్వుచు హర్ష మొందె
తిట్లు కురిపించు నోటనే తేనె లొలికె.

(ఇది నా రెండవ పద్యం. తప్పులుంటే మొహమాటపడకుండా చెప్పండి సార్.)

నిర్వాహకుడు: మొహమాటం ఇక్కడ ఎవరికీ లేదు తమ్ముడూ. మొదటి పాదంలో ‘గు’కు ‘గొ’ యతి వేయాలని జాగ్రత్తపడ్డారు కానీ, ఆ తొందరలో గణం జారిపోయింది. ‘గుండమ్మ’ అన్న పేరులో సున్న వల్ల ‘గుం’ గురువు, తరువాతి ద్విత్వం వల్ల ‘డ’ కూడా గురువు, చివరి ‘మ్మ’ లఘువు. అంటే అది తగణం. తేటగీతి మొదట సూర్యగణాన్నే రానిస్తుంది కాబట్టి గుండమ్మ ఎంత గద్దించినా ఆ గుమ్మంలో కాలు పెట్టలేదు. అదే పేరును ఒక్క గణం వెనక్కు జరిపి చూడండి, ఇంద్రగణంగా దర్జాగా కూర్చుంటుంది:

నాఁడు గుండమ్మ యను పేర నటనఁ జేసి

ఇక మూడవ పాదంలో ‘హర్ష మొందె’ అన్నది యతి కోసం కూలికి తెచ్చిన మాట. నవ్వారని చెప్పిన తరువాత హర్షించారని చెప్పడం ఎందుకు? అక్కడ జనం ఎలా నవ్వారో చెబితే పద్యం బతుకుతుంది. కానీ మీరు పట్టుకున్న చోటు మంచిది, ఎందుకంటే తిట్టుతున్న సమయంలోనే నవ్వు పుట్టిందని అన్నారు.

అమీర్‌పేట తమ్ముడు: సార్, మూడవ పాదం ఇలా మార్చాను: ‘పగలఁబడి నవ్వి హాలంత ఫక్కుమనెడి’.

నిర్వాహకుడు: ఇప్పుడు నాకు ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో పాత సినిమా ఆడుతున్న చప్పుడు వినబడింది. ‘ప’కు ‘ఫ’ యతి కూడా సరిపోయింది.

దిల్‌సుఖ్‌నగర్ అక్కయ్య పూరణ

దుర్గ చేఁ జిక్కి గుండమ్మ తుదకు వగచి
లక్ష్మి నక్కున నదిమి తా లాలనమున
నీవె నా కన్నబిడ్డవు నిజ మను తఱి
తిట్లు కురిపించు నోటనే తేనె లొలికె.

నిర్వాహకుడు: ‘గుండమ్మ కథ’ చూడనివారికి ఒక మాట చెప్పాలి. 1962 జూన్ 7న విడుదలైన ఈ విజయా వారి చిత్రంలో సవతి కూతురు లక్ష్మిగా సావిత్రి, కన్నకూతురు సరోజగా జమున నటించారు. ఛాయాదేవి వేసిన దుర్గ ఇంట్లో చేరి గుండమ్మకు గుండమ్మనే చూపిస్తుంది. అక్కయ్యా, ‘దు’కు ‘తు’ యతి, అవతల ‘లక్ష్మి’కి ‘లాలనము’ అన్నీ శుద్ధం. ‘తఱి’ అని ముగించడంలో మీ అనుభవం కనబడింది. అక్కడ ‘అనుచు’ వంటి ద్రుతాంతం, అంటే చివర ‘న్’ దాగి ఉన్న మాట, పెట్టి ఉంటే తరువాతి ‘తిట్లు’ కాస్తా ‘దిట్లు’ కావలసి వచ్చి సమస్య పాదమే మారిపోయేది. మనవాళ్ళలో సగం మంది తొట్రుపడేది ఆ చోటనే.

అయినా కూకట్‌పల్లి అన్నగారితో చెప్పిన మాటే ఇక్కడా చెప్పాలి. గుండమ్మ మంచిదైపోయిన తరువాత తేనె ఒలకడంలో వింత ఏముంది? ఆ చిత్రానికి రామారావు, నాగేశ్వరరావు, సావిత్రి, జమున అందరూ ఉండగా గుండమ్మ పేరే పెట్టారంటే, అది చివరి పది నిమిషాల పశ్చాత్తాపం చూసి పెట్టిన పేరు కాదు కదా. పశ్చాత్తాపపడే అత్తలు మనకు చాలామంది ఉన్నారు. చూసినకొద్దీ ఇంకా తిట్టితే బాగుండునని జనం ఎదురుచూసిన అత్త ఈమె ఒక్కతే.

నల్లకుంట మాస్టారి పూరణ

సూర్యకాంతము నిప్పులు చుట్టుఁ జిమ్ము
రాయి యని యండ్రు. మన తెర రాణి చూడఁ
గెమెర వెలుఁగులు తాఁకఁగఁ గినుక రేఁగి
తిట్లు కురిపించు నోటనే తేనె లొలికె.

నిర్వాహకుడు: మాస్టారూ, నమస్కారం. ఎండ సోకితే నిప్పు కక్కే సూర్యకాంతమణి, వెన్నెల సోకితే చెమర్చే చంద్రకాంతమణి అన్న కవిసమయం మన ప్రబంధాలు చదివినవారికి కొత్త కాదు. కానీ ఆమె పేరులోనే ఆ రాయి దాగి ఉందని, ఎండకు బదులు చిత్రీకరణ దీపం సోకగానే ఆమెకూ కోపం రగులుతుందని, రగిలినా నిప్పు బదులు తేనె రావడమే వింత అని ఇన్నేళ్ళుగా ఎవరికీ తట్టకపోవడం ఆశ్చర్యం. ఇందులో ఆమె తిట్టడం మానలేదు. కోపం తగ్గలేదు. మొదటి పాదంలో ‘సూ’కు ‘చు’ యతి చూసి తప్పనుకునే కొత్తవారు ఉంటారు కనుక చెబుతున్నాను: చ, జ, శ, ష, స వర్ణాలకు పరస్పరం యతి చెల్లుతుంది.

లోపం లేదనను. ‘చూడ’ అన్నది పూరకం, పాదం నింపడానికి వేసిన మాట. ‘కెమెర వెలుఁగులు’ అన్నదీ కొంత ఇబ్బందే, ఎందుకంటే వెలుగు దీపానిది, కెమెరాది కాదు.

నల్లకుంట మాస్టారు: అయ్యా, దీపమని మొదట రాసుకున్నాను. ‘దివ్వె వెలుఁగులు తాఁకఁగఁ దీవ్ర మగుచు’ అని వచ్చింది. యతి నిలిచింది కానీ ‘కినుక’ పోయింది. కినుక లేని సూర్యకాంతం ఎవరికి కావాలి? తెలిసే ఆ తప్పును ఉంచుకున్నాను.

నిర్వాహకుడు: ఉంచుకోండి.

సైనిక్‌పురి సభ్యుని పూరణ

రక్కసుల యింటఁ దల్లియై రంజిలు నెడఁ
గన్న కొడుకు ఘటోత్కచు గారవించి
వచ్చు చుట్టాల నగుమోము వఱలఁ బిలిచి
తిట్లు కురిపించు నోటనే తేనె లొలికె.

నిర్వాహకుడు: 1957 నాటి ‘మాయాబజార్’ హిడింబిని తెచ్చినందుకు అభినందనలు. ఘటోత్కచుని పేరును రెండు గణాల మీదుగా విరిచిన తీరు బాగుంది; ‘ఘటోత్కచుఁ గారవించి’ అని అరసున్న పెట్టండి. పద్యం ఎలా ఉన్నా, ఒక సరదా లెక్క గుర్తుకు వచ్చింది. ఆ కొడుకు వేషం వేసిన ఎస్.వి. రంగారావు గారు 1918లో పుట్టారు, అంటే తల్లి కంటే ఆరేళ్ళు పెద్ద. గుండమ్మ అల్లుళ్ళుగా నటించిన రామారావు గారు 1923 మే నెలలో, నాగేశ్వరరావు గారు 1924 సెప్టెంబరులో పుట్టారు. అత్తగారు పుట్టింది ఆ అక్టోబరు చివర. ముప్పై ఏడేళ్ళ మనిషి, తన కంటే పెద్దవాళ్ళైన ఇద్దరు అల్లుళ్ళకు అత్తగారై నిలబడితే చూసినవారెవరికీ అనుమానం రాలేదు.

మల్కాజిగిరి సోదరి పూరణ

ఎడమ చేతిని విసరుచు నింట నత్త
సూర్యకాంతమ్ము నేనంచు జోకు వేసి
నన్నుఁ దిట్టుచు ఫక్కున నవ్వినంత
తిట్లు కురిపించు నోటనే తేనె లొలికె.

సోదరి వివరణ: అన్నయ్యగారూ, ఇది కల్పన కాదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తగారంటే హడలిపోయేదాన్ని. ఒక ఆదివారం సాయంత్రం టీవీలో ‘గుండమ్మ కథ’ వస్తుంటే ఇంటిల్లిపాదీ కూర్చొని చూశాము. గుండమ్మ లక్ష్మిని సాధిస్తున్న చోట నేను నవ్వాపుకోలేక కొంగు నోట కుక్కుకున్నాను, పక్కకు చూస్తే అత్తగారు కూడా నవ్వుతున్నారు. మరునాడు పప్పు మాడినందుకు ఆవిడ ఎప్పటిలాగే మొదలుపెట్టి, మధ్యలో ఆగి, ఎడమ చేయి గాలిలోకి విసిరి, ‘నేనే సూర్యకాంతాన్ని, తెలుసా’ అన్నారు. ఆ రోజు నుండి ఆవిడ తిట్టు ఆగలేదు కానీ, నా భయం మాత్రం ఆగిపోయింది.

నల్లకుంట మాస్టారు: అమ్మా, పద్యం ముచ్చటగా ఉంది. కానీ ‘జోకు’ అన్యదేశ్యం, పరభాషా పదం. అంతటి అరసున్నల నడుమ ఆ మాట పంటి కింద రాయిలా తగిలింది. ‘సూ’కు యతిగా చొక్కమైన తెలుగు మాటే దొరకలేదా?

నిర్వాహకుడు: మాస్టారూ, ‘కెమెర’ను మీరు రానిచ్చినప్పుడు సోదరి ‘జోకు’ను మాత్రం గుమ్మంలో ఆపడం ఏం న్యాయం? పైగా ‘సూ’కు ‘జో’ యతిలో హల్లూ అచ్చూ రెండూ మైత్రి పాటించాయి. ఆ ఇంట్లో ఆ రోజు జరిగింది జోకే. దానిని ‘పరిహాసము’ అని రాస్తే అత్తగారు ఆ మాట అన్నట్టే ఉండదు. ఈ వారం నాకు అన్నిటికంటే నచ్చిన పూరణ ఇదే. మాస్టారి మణి పద్యం కల్పనలో దీని కంటే ఎత్తున ఉందని ఒప్పుకుంటూనే ఈ మాట అంటున్నాను. సూర్యకాంతం గారి తిట్టులో తేనె ఎక్కడ ఉందో ఈ పద్యమే చూపింది: ఆ తిట్టు ఎవరిదో మనకు ముందే తెలుసు. పొరుగింటి పిన్నిదో, మేనత్తదో, మన అత్తగారిదో ఆ గొంతు. దానిని ఆమె నూరింతలు పెంచి, చేయి విసురుతో, సాగదీతతో బొమ్మ కట్టి చూపిస్తే, భయపెట్టిన మనిషే నవ్వించే మనిషి అయింది. తిట్టే అత్తగారికి కూడా తన బొమ్మ తనకు కనబడింది.

విమర్శ మాత్రమే రాసి తప్పించుకుంటున్నానని అక్కయ్య ఫోనులో నిలదీశారు కాబట్టి నాది కూడా ఒకటి:

మూతి మూఁడు వంకరలుగ ముడిచి తిప్పి
చేయి నెడమది గాలిలోఁ జిమ్మి విసరి
యల్లుఁ డెదురైనఁ జప్పున నణఁగు నట్టి
తిట్లు కురిపించు నోటనే తేనె లొలికె.

నల్లకుంట మాస్టారు: ‘ఎడమ చేయి’ అనక ‘చేయి నెడమది’ అని తలకిందులు చేయడం యతి కోసమే కదా? ఇంకొకరు రాస్తే మీరే కూలిమాట అనేవారు.

నిర్వాహకుడు: అనేవాడినే. దొరికిపోయాను. ‘అణఁగునట్టి’ అన్నది నోటికీ తిట్లకూ రెండింటికీ విశేషణంగా పొసగుతుందని మురిసిపోయి దానిని చూసుకోలేదు.

మల్కాజిగిరి సోదరి: అన్ని పూరణలనూ నిన్న రాత్రి మా అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడకు ఇప్పుడు ఎనభై దాటాయి, చూపు మందగించింది, చెవి మాత్రం చురుకు. మాస్టారి పద్యాన్ని రెండుసార్లు చదివించుకున్నారు. నా పద్యం వచ్చేసరికి, ‘నా నోట తేనె ఏమిటే, షుగరు ఉన్న మనిషిని పట్టుకొని!’ అని ఎడమ చేయి విసిరారు.