రైడ్ ద లైట్నింగ్: మెటాలికా మెత్తబడిందా, చెయ్యి తిరిగిందా?

పాలకొల్లు ఫ్రెట్‌బోర్డు

వచ్చే నెల భీమవరంలో కాలేజీ ఫెస్టు. మా బ్యాండుకి నలభై నిమిషాలిచ్చారు, అన్నీ అమెరికా మెటల్ బ్యాండు మెటాలికా పాటలే. ఏ పాటలన్న దగ్గరే పేచీ వచ్చింది. సింగరూ డ్రమ్మరూ మొదటి ఆల్బం ‘కిల్ ఎమ్ ఆల్’ (1983) తప్ప ఇంకోటి ముట్టుకోమని భీష్మించుకున్నారు. నేనూ బేస్ వాయించేవాడూ రెండోది ‘రైడ్ ద లైట్నింగ్’ (1984) వైపు. వాళ్లనేది ఏంటంటే, మొదటిదే అసలు త్రాష్ (మెటల్లో మహా వేగంగా, మొరటుగా వాయించే రకం) అంట. రెండోదానికి పెద్ద కంపెనీ కోసం మెత్తబడి ఏడుపు పాట పెట్టారంట, 1991లో వచ్చిన బ్లాక్ ఆల్బం దాకా జారిపోడానికి అక్కడే పునాది పడిందంట. నాకైతే రెండోదే పెద్ద పని. మొదటిదానికి దమ్ముంది, కాదన్ను. రెండోదానికి దమ్మూ ఉంది, బుర్రా ఉంది.

తిట్టుకోండి, పర్లేదు. కానీ ఏ పాటలో ఎక్కడో చెప్పి మరీ తిట్టుకోండి.

కాకినాడ డిస్టార్షన్

మీ డ్రమ్మరుకి నా తరఫున టీ ఇప్పించండి. మొదటి ఆల్బంలో ‘విప్లాష్’ మొదలవగానే మెడ దానంతటదే ఊగుద్ది. రోచెస్టర్‌లో డబ్బుల్లేక ఆ ఆల్బం గబగబా రికార్డు చేసేశారు, ఆ ఆత్రం పాటపాటలోనూ వినబడుద్ది. దాని అందమే అది. రెండోదానికి డెన్మార్క్ వెళ్లారు. కోపెన్‌హాగెన్‌లో స్వీట్ సైలెన్స్ స్టూడియో, పక్కన ప్రొడ్యూసరు ఫ్లెమింగ్ రాస్ముసెన్, డ్రమ్ముల మీద గుయ్యిమనే రివర్బు (ప్రతిధ్వని). ఇక ‘ఫేడ్ టు బ్లాక్’ సంగతి చెప్పక్కర్లేదు. అకూస్టిక్ గిటారు మీటుకుంటా చావు కబుర్లు. అమ్ముడుపోయారని అప్పట్లో త్రాష్ అభిమానులు ఊరికే తిట్టలేదండి.

పాలకొల్లు ఫ్రెట్‌బోర్డు

అమ్ముడుపోవాలంటే ముందు కొనేవాడుండాలి కదండీ. రికార్డింగ్ జరిగింది 1984 ఫిబ్రవరి, మార్చి నెలల్లో. జులైలో మెగాఫోర్స్ అనే ఆ చిన్న లేబులే, మొదటి ఆల్బం వేసినవాళ్లే, దీన్నీ విడుదల చేసింది. ఎలక్ట్రా కంపెనీ వీళ్లతో సంతకం పెట్టించుకున్నది ఆ తర్వాత, సెప్టెంబరులో. ఆల్బం విన్నాకే పెద్ద కంపెనీ వచ్చింది గానీ, పెద్ద కంపెనీ కోసం ఆల్బం చెయ్యలేదు. కోపెన్‌హాగెన్ వైభోగం కూడా మీరనుకునేంత లేదు. హోటలుకి డబ్బుల్లేక స్టూడియోలోనే పడుకున్నారు. డ్రమ్మరు ఉల్రిక్‌ది ఆ దేశమే. రాస్ముసెన్ అంతకుముందు రెయిన్‌బో బ్యాండుకి చేసిన పని నచ్చి ఆయన దగ్గరకి వెళ్లారు.

తణుకు డ్రమ్ము

మెత్తబడ్డారన్నవాళ్లు రెండోదాంట్లోని ‘ఫైట్ ఫైర్ విత్ ఫైర్’ ఒక్కసారి కూర్చుని వాయించండి. తర్వాత కాళ్లకి జండూ బామ్ రాసుకుని వచ్చి మాట్లాడండి.

రాజోలు బేస్

డ్రమ్ము అన్నయ్య పాయింటు మీదే ఇంకో రెండు ముక్కలు. ఆ పాట ఎలా మొదలవుద్ది? అకూస్టిక్ గిటార్లు, శుభ్రంగా, పెళ్లిలో వాయించినా ఎవరూ ఏవనరు. అర నిమిషం దాటాక ఒక్కసారిగా మీద పడుద్ది. ఆ మొదటి ముక్క తీసేసి మిగతాది వాయించి చూడండి, వేగం అంతే ఉంటుంది గానీ దెబ్బ సగం కూడా తగలదు. మెలొడీ పెట్టింది మెత్తదనానికి కాదు, దెబ్బకి. ఇది అర్థం కానంతసేపు ఈ ఆల్బం అర్థం కాదు.

ఇంక వాళ్ల బేస్ వాయించే క్లిఫ్ బర్టన్ పేరే ఎత్తట్లేదేంటి ఎవరూ? ‘ఫర్ హూమ్ ద బెల్ టోల్స్’ మొదట్లో గంట మోగాక పైన గీరుతున్నట్టు వచ్చే శబ్దం గిటారు అనుకుంటారు సగం మంది. మా గ్రూపులోనే పందెం కాసినవాళ్లున్నారు. అది బేసండి. డిస్టార్షనూ, వా పెడలూ (శబ్దాన్ని గరగరలాడించి, సాగదీసే పరికరాలు) పెట్టి, ఒక్కో మెట్టూ స్వరాన్ని దించుకుంటా వాయించాడు. మెటాలికాలో చేరకముందే తన దగ్గరున్న ముక్క అది. చిన్నప్పుడు పియానో నేర్చుకున్నాడు, బాక్ సంగీతం అంటే పడి చచ్చేవాడు. రెండు గిటార్లు ఒకే వరస వాయించకుండా ఒకటి పైనా ఒకటి కిందా నడవడం, అవి మళ్లీ కలవడం, ఈ హార్మనీ గొడవంతా మిగతావాళ్లకి అలవాటు చేసిన మనిషి ఆయనే. మొదటి ఆల్బానికి బ్యాండులో కొత్త, పాటలు చాలావరకు ముందే తయారు. రెండోదాంట్లో ఎనిమిదిలో ఆరు పాటల మీద ఆయన పేరుంది. తేడా ఎక్కడినుంచి వచ్చిందో వేరే చెప్పాలా?

కాకినాడ డిస్టార్షన్

బేస్ తమ్ముడూ, బర్టన్ని నేనేం అన్లేదు. 1986లో స్వీడన్‌లో ఆయన్ని బలిగొన్న ఆ బస్సు ప్రమాదం జరక్కపోతే బ్లాక్ ఆల్బమే వేరేగా ఉండేదని నమ్మేవాణ్ణి నేను. నా గొడవ ఒకటే. ఎదగడం అంటే మెలొడీ పెంచడమేనా? ప్రతి బ్యాండుకీ రెండో ఆల్బం రాగానే ‘పరిణతి’ అని ఓ దండ వేసేస్తారు. మొదటిదాంట్లో ఆకలి ఉంటే అదేదో కుర్రతనం అన్నట్టు! ఎన్నో ఏళ్లపాటు వాళ్ల కచేరీల్లో చాలాసార్లు చివరి పాట ఏది? ‘సీక్ అండ్ డిస్ట్రాయ్’. మొదటి ఆల్బంది.

యానాం నుంచి

ఇద్దరూ గీత తప్పు చోట గీస్తున్నారు. మెలొడీ రెండోదాంట్లో ఊడిపడలేదు. ‘ద ఫోర్ హార్స్‌మెన్’ మధ్యలో నెమ్మదించి పాడుకునేలా ఉండే భాగం వినలేదా? ‘ఫాంటమ్ లార్డ్’ మధ్యలో క్లీన్ టోన్? అవి మొదటి ఆల్బంలోవే కదా. పోనీ రెండోదంతా కొత్త సరుకా? ‘క్రీపింగ్ డెత్’లో జనం అంతా కలిసి అరిచే ముక్క గిటారిస్టు హామెట్ తన పాత బ్యాండు ఎక్సోడస్ నుంచి పట్టుకొచ్చింది. ‘ట్రాప్డ్ అండర్ ఐస్’ రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటారు వరస) కూడా అక్కడిదే. బ్యాండులోంచి గెంటేసిన పాత గిటారిస్టు మస్టేన్ పేరు టైటిల్ పాట మీదా, చివరి వాయిద్య కృతి ‘ద కాల్ ఆఫ్ క్తులు’ మీదా ఉంది. అంటే మీరు పరిణతి అంటున్న దాంట్లో కొంత పాత కుర్రతనమే.

నిజంగా మారింది మాటలు. మొదటిదాంట్లో మెటల్ గొప్పదనం గురించే మెటల్ పాటలు, ‘మెటల్ మిలీషియా’ లాంటివి. రెండోదాంట్లో కరెంటు కుర్చీలో కూర్చోబెట్టిన ఖైదీ, అణుయుద్ధం, మంచులో గడ్డకట్టించిన మనిషి, బైబిల్లో ఈజిప్టు మీద పడ్డ తెగుళ్లు. రాసిన సింగరు హెట్‌ఫీల్డ్‌కి అప్పటికి ఇరవై ఏళ్లు. దీని గురించి ఎవరూ మాట్లాడరేం?

పాత క్యాసెట్టు, రామచంద్రపురం

బాబులూ, నేను ఆర్కెస్ట్రాలో లీడ్ గిటారు వాయించినవాణ్ణి. తీర్థాల్లో, వినాయక చవితి పందిళ్లలో సినిమా పాటలు. మెటాలికా మా అబ్బాయి ద్వారా పరిచయం, కాబట్టి త్రాష్ ధర్మశాస్త్రం నాకు తెలీదు. వాయించేవాడిగా ఒక్కటి చెప్తాను.

‘ఫేడ్ టు బ్లాక్’ని ఏడుపు పాట అంటున్నారు. కాస్త చెవి పెట్టండి. చరణానికీ చరణానికీ మధ్య పల్లవి రావాల్సిన చోట పాటే లేదు. మాటలు ఆగిపోయి గిటార్లు బరువుగా దిగుతాయి, అంతే. నోరారా పాడుకునే పల్లవి లేకుండా ‘జనాకర్షక’ పాట ఎవడు కడతాడయ్యా? మా ఆర్కెస్ట్రాలో అలాంటి పాట ఎత్తుకుంటే ముందు వరసలోవాళ్లు లేచి మిరపకాయ బజ్జీలకి పోయేవారు. తర్వాత పాట నడక మారుద్ది, వేగం అందుకుంటుంది, మాటలు అయిపోయాక కూడా సోలో సాగుతూనే సన్నగిల్లుద్ది. ఆ ఏడాది జనవరిలో బోస్టన్‌లో వీళ్ల సామాన్లు దొంగలెత్తుకుపోయారట, హెట్‌ఫీల్డ్‌కి ప్రాణంగా ఉన్న మార్షల్ యాంప్‌తో సహా. ఆ దిగులులో పుట్టిన పాట. మంచి యాంప్ పోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు గనక నేనైతే ఎటకారం చెయ్యను.

ఇంకోటి. పాలకొల్లు బాబూ, మీ ఊళ్లో 1969లో పుట్టాడు ఉప్పలపు శ్రీనివాస్. ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని కర్ణాటక సంగీతంలోకి వస్తే, కరెంటు వాయిద్యం, పైగా విదేశీది, దీనికి గమకం ఎక్కడ పలుకుద్దని పెద్దలు ముఖం చిట్లించారు. ఆయన జంట తీగలు తీసేసి ఐదు విడి తీగలు పెట్టుకుని పలికించాడు. ‘మనది కాదు’ అని అరిచేవాళ్లు సభల్లోనూ ఉన్నారు, మీ త్రాష్‌లోనూ ఉన్నారు. వాయించేవాడు పట్టించుకుంటే కదా.

కాకినాడ డిస్టార్షన్

బాబాయ్ గారూ, పల్లవి లేదన్న మాటకి మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఆయ్, ఒప్పుకుంటున్నాను, ఆ పాట మీద కేసు వెనక్కి తీసుకుంటున్నా. మాండలిన్ మాట మాత్రం ఇక్కడికి అతకదండి. శ్రీనివాస్ గారు వాయిద్యం మార్చారు, సంప్రదాయం వదల్లేదు. వీళ్లు వాయిద్యాలు అవే ఉంచి పద్ధతి మార్చారు. రెండూ ఒకటెలా అవుతాయి?

అసలు ‘ఎస్కేప్’ గురించి ఒక్కరూ నోరు మెదపట్లేదేం? రేడియోకి పనికొచ్చేలా ఓ పాట ఉండాలని కట్టిందది. పల్లవి కూడా ఉంది, తియ్యగా. వాళ్లకే సిగ్గేసి 2012 దాకా స్టేజీ ఎక్కించలేదు. మెత్తబడటానికి ఇంతకన్నా సాక్ష్యం కావాలా?

రాజోలు బేస్

‘ఎస్కేప్’ని సమర్థించే ఓపిక నాక్కూడా లేదు అన్నయ్యా. ఎనిమిదింట్లో ఒకటి తప్పింది, ఏడు నిలబడ్డాయి. మొదటిదాంట్లో పదికి ఎన్ని నిలబడ్డాయో మీరే లెక్కెయ్యండి. ‘జంప్ ఇన్ ద ఫైర్’ కూడా కలుపుకోవాలి మరి.

తణుకు డ్రమ్ము

‘జంప్ ఇన్ ద ఫైర్’ జోలికొస్తే ఊరుకోను.

పాలకొల్లు ఫ్రెట్‌బోర్డు

సరే, మావాళ్లతో మళ్లీ కూర్చున్నాం. ‘ఫైట్ ఫైర్ విత్ ఫైర్’తో మొదలు. స్టేజీ మీద గిటారు మార్చుకునే టైముండదు గనక ఆ అకూస్టిక్ ముక్క క్లీన్ ఛానల్లోనే కానిచ్చేస్తాం. తర్వాత ‘విప్లాష్’, ‘ద ఫోర్ హార్స్‌మెన్’, మధ్యలో ‘ఫేడ్ టు బ్లాక్’, చివర్లో ‘క్రీపింగ్ డెత్’, ‘సీక్ అండ్ డిస్ట్రాయ్’. యానాం వారి మాట విన్నాక ‘హార్స్‌మెన్’ పక్కన ‘ఫేడ్’ పెట్టడానికి సింగరు ఒప్పుకున్నాడు. డ్రమ్మరు మాత్రం ‘ఫేడ్’ మొదటి సగంలో చేతులు కట్టుకుని కూర్చుంటానని బెదిరిస్తున్నాడు. ఇంకో నాలుగు నిమిషాలు మిగులుతున్నాయి. ‘ఎస్కేప్’ సరిగ్గా సరిపోద్దని బేస్ వాయించేవాడు అంటున్నాడు, కావాలనే అంటున్నాడనుకోండి.

కాకినాడ డిస్టార్షన్

తేదీ చెప్పండి. ‘ఎస్కేప్’ ఎత్తుకున్నారంటే భీమవరం బస్సెక్కి వచ్చి మరీ యాంప్ ప్లగ్గు పీకుతా.