అప్‌డేట్: లినక్స్‌లో శబ్దాన్ని నడిపే పైప్‌వైర్‌లో చిటపటలు ఆగిపోయాయి

వీడియో కాల్‌లో అమ్మ గొంతు మధ్యమధ్యలో చిటపటలాడుతోందని పోయిన వారం అడిగాను కదా, కారణం దొరికింది! టెర్మినల్‌లో పీడబ్ల్యూ-టాప్ (పైప్‌వైర్ పనితీరును ప్రోగ్రామ్‌ల వారీగా చూపే కమాండ్) తెరిచి కాల్ చేశాను. చిటపటమన్నప్పుడల్లా బ్రౌజర్ వరుసలో ఎర్రర్ల లెక్క పెరుగుతోంది. అదే వరుసలో క్వాంటమ్, అంటే ఒక్కోసారి సిద్ధం చేసే శబ్దపు ముక్క సైజు, 256 శాంపిళ్లు (శబ్దపు కొలతలు). పాటల రికార్డింగ్ కోసం ఎప్పుడో నేనే సెట్టింగ్స్ ఫైల్లో పెట్టి మర్చిపోయాను.

48,000 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 48,000 శాంపిళ్ల చొప్పున, 256 శాంపిళ్లంటే సుమారు 5 మిల్లీసెకన్లే. అంతలోపు తర్వాతి ముక్క సిద్ధం కాకపోతే శబ్దం తెగిపోతుంది. 1024కి మార్చాను, అంటే సుమారు 21 మిల్లీసెకన్లు. మాటల్లో ఆ ఆలస్యం తెలియనే తెలియదు. హెడ్‌సెట్ తప్పేమీ లేదు, కొత్తది కొనక్కర్లేదు.

నిన్న అమ్మతో నలభై నిమిషాలు మాట్లాడాను, ఒక్కసారి కూడా తెగలేదు. పీడబ్ల్యూ-టాప్ చూడమన్నవారికి చాలా థాంక్స్ అండీ.