బడి గంటలనూ యూనివర్సిటీ గంటలనూ ఏ లెక్కన పోల్చాలి?

ప్రశ్న (దేవరకొండ, నల్లగొండ జిల్లా):

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతున్నాను. వారానికి 28 పీరియడ్లు, ఒక్కొక్కటి 45 నిమిషాలు కనుక నా బోధన 21 గంటలవుతుంది. మా తమ్ముడు విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్. అతనికి 16 గంటలే. దసరాకు అందరం కలిసినప్పుడు, యూనివర్సిటీ వాళ్లకు పని తక్కువని బంధువులు అంటుంటే అతను నొచ్చుకుంటాడు. ఆ మాట న్యాయం కాదని నాకూ తెలుసు, కానీ లెక్కతో జవాబు చెప్పలేకపోతున్నాను. విద్యార్థుల చదువు గంటలను కూడా ఇలాగే పోల్చవచ్చా?

సమాధానం 1 (డిగ్రీ అధ్యాపకుడు, మహబూబ్‌నగర్):

సార్, వారం లెక్క ఒక్కటే చూస్తే తేడా 5 గంటలే కనిపిస్తుంది కానీ, ఏడాది లెక్క తీస్తే అది ఇంకా పెరుగుతుంది. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్‌కు, ప్రొఫెసర్‌కు 14 గంటల ప్రత్యక్ష బోధన ఉండాలి. ఏడాదికి 30 పని వారాలు, అంటే 180 బోధన దినాలు. ఆ విధంగా మీ తమ్ముడి బోధన 480 గంటలు. విద్యాహక్కు చట్టం 6 నుంచి 8 తరగతులకు 220 పని దినాలను నిర్దేశించింది. మీకూ అదే లెక్క వేస్తే సుమారు 36 వారాలకు 750 గంటలు దాటుతుంది.

అయితే ఇవి తరగతి గదిలోని గంటలు మాత్రమే. అదే యూజీసీ నిబంధనలు మొత్తం పనిని వారానికి 40 గంటలుగా చెబితే, విద్యాహక్కు చట్టం పాఠం తయారీతో కలిపి ఉపాధ్యాయుడికి 45 గంటలు చెప్పింది. మొత్తం పనిలో ఇద్దరూ దాదాపు సమానమే. మీ తమ్ముడికి మిగిలిన 24 గంటలు పరిశోధనకు, విద్యార్థుల ప్రాజెక్టులకు, పరీక్షల పనికి పోతాయి. బంధువుల కంటికి ఆనని పని అదే.

సమాధానం 2 (పీజీ విద్యార్థిని, కల్వకుర్తి):

విద్యార్థుల విషయంలో కొలమానమే వేరు. ఎనిమిదో తరగతి వరకు చట్టం లెక్కించేది తరగతిలో బోధన జరిగే గంటలను: 1 నుంచి 5 తరగతులకు 800, 6 నుంచి 8 తరగతులకు 1000. ఇంటిపని ఆ లెక్కలోకి రాదు. కొత్త జాతీయ క్రెడిట్ విధానంలో మాత్రం ఒక క్రెడిట్ (చదువును కొలిచే ప్రమాణం) అంటే 30 అభ్యసన గంటలు, ఏడాదికి 40 క్రెడిట్లు, అంటే 1200 గంటలు. ఇందులో సొంత చదువు కూడా కలిసి ఉంటుంది. థియరీ క్రెడిట్‌కు తరగతి గంటలు 15 కనుక మిగిలిన 15 మనమే చదువుకోవాలి.

నాకు రోజూ బస్సులోనే మూడు గంటలు గడిచిపోతాయి. కాగితం మీద నాకు కేటాయించిన ఆ సొంత చదువు సమయంలో చాలా భాగం అలా కరిగిపోతుంది. గంటలను పోల్చేవారు దీనిని కూడా చూడాలని నా మనవి.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీ మాటలు చదివాక నా లెక్క కూడా సరిచూసుకున్నాను. 120 మంది నోటు పుస్తకాలను ఒక్కొక్కటి మూడు నిమిషాల చొప్పున దిద్దితే ఒక విడతకే 6 గంటలు పడుతుంది. నాలుగు ఫార్మేటివ్ (చదువు మధ్యలో పెట్టే), రెండు సమ్మేటివ్ (చదివినదంతా కలిపి పెట్టే) పరీక్షల జవాబు పత్రాలు వేరే. వాటిని నేను ఎన్నడూ నా పని గంటల్లో కలుపుకోలేదు. ఈసారి తమ్ముడు వచ్చినప్పుడు ఇద్దరం కూర్చొని మొత్తం ఏడాది పని రాసుకుంటాము.