గొర్రెలు ఈసుకుపోవడానికీ నాన్నగారి జ్వరానికీ ఒకే బ్రూసెల్లా కారణమా? జీనోమ్ సీక్వెన్సింగ్‌తో తేలుతుందా?

ప్రశ్న – ఓరుగల్లు విద్యార్థి

మాది పరకాల దగ్గరి పల్లె. నేను హనుమకొండలో మైక్రోబయాలజీ పీజీ చదువుతున్నాను. ఈ చలికాలం మా మందలో కొన్ని గొర్రెలు నెలలు నిండకముందే ఈసుకుపోయాయి. వాటి మాయ తీసి పారేసింది నాన్నగారే, అదీ ఉత్త చేతులతో. కొన్ని వారాలుగా ఆయనకు పొద్దుగూకగానే జ్వరం, రాత్రంతా చెమటలు, విడవని నడుము నొప్పి. బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా సోకిందా అని రక్తంతో చూసే రోజ్ బెంగాల్ పరీక్షలో ఆయనకూ, గొర్రెలకూ, అదే కొట్టంలో కట్టేసే బర్రెకూ పాజిటివ్ వచ్చింది. డాక్టర్ గారు మందులు మొదలుపెట్టారు.

బ్యాక్టీరియా జీనోమ్, అంటే దాని డీఎన్ఏ మొత్తం చదివిస్తే జబ్బు గొర్రెల నుంచి వచ్చిందా, బర్రె నుంచి వచ్చిందా అన్నది తేలుతుందని స్నేహితుడు అంటున్నాడు. అంగడిలో కొన్న కొత్త గొర్రెలే దీన్ని మందలోకి తెచ్చాయని కూడా రుజువు చేయవచ్చా? మా దగ్గర మిగిలిన సీరం అందుకు సరిపోతుందా?

జవాబు – జీవసమాచార పరిశోధకుడు, హైదరాబాద్

సీరం సరిపోదు. అందులో ఉండేవి బ్యాక్టీరియాకు వ్యతిరేకంగా శరీరం తయారుచేసిన యాంటీబాడీలు. సీక్వెన్సింగ్‌కు కావలసింది బ్యాక్టీరియా డీఎన్ఏ. నేరుగా రక్తం నుంచి తీద్దామంటే, వచ్చే డీఎన్ఏలో దాదాపు అంతా మనిషిదే అవుతుంది. కాబట్టి ముందు కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో పోషకాల మీద బ్రూసెల్లా పెరగాలి, ఆ తర్వాతే సీక్వెన్సింగ్ సంగతి.

పెరిగిందనుకుందాం. బ్రూసెల్లా జీనోమ్ సుమారు 33 లక్షల డీఎన్ఏ అక్షరాలు. అవి రెండు క్రోమోజోములుగా, ఒకటి 21 లక్షలు, మరొకటి 12 లక్షల చొప్పున ఉంటాయి. యంత్రం దీన్ని ఏకబిగిన చదవదు. ఎక్కువగా వాడే పద్ధతిలో 150 అక్షరాల తునకలుగా, ప్రతి చోటూ పదుల సార్లు వచ్చేలా చదువుతుంది. ఆ తునకలను 2002లో ప్రచురితమైన బ్రూసెల్లా మెలిటెన్సిస్ 16ఎం జీనోమ్ వంటి ప్రామాణిక క్రమం మీద పరచి, ఎక్కడెక్కడ అక్షరం మారిందో లెక్కిస్తారు. గొర్రెలు, మేకల్లో ఎక్కువగా కనిపించే బ్రూసెల్లా జాతి మెలిటెన్సిస్. ఆవులు, బర్రెల్లో అబార్టస్. రోజ్ బెంగాల్ పరీక్ష ఈ రెండింటినీ వేరు చేయలేదు, జీనోమ్ నిస్సందేహంగా వేరు చేస్తుంది. మీ మొదటి ప్రశ్నకు అది చాలావరకు జవాబే, అయితే గొర్రెలతో కలిసి ఉండే బర్రెకు మెలిటెన్సిస్ కూడా సోకగలదని గుర్తుంచుకోండి.

అంగడి గొర్రెల విషయంలో మాత్రం మీ స్నేహితుడు చెప్పినంత సులువు కాదు. రెండు జీనోమ్‌ల మధ్య తేడా నాలుగైదు అక్షరాలే అయితే అవి దగ్గరి చుట్టాలని చెప్పగలం గానీ, ఎవరి నుంచి ఎవరికి సోకిందో ఆ అక్షరాలు చెప్పవు. పైగా బ్రూసెల్లా నెమ్మదిగా మారే బ్యాక్టీరియా. అమ్మినవారి మందలోని బ్యాక్టీరియా కూడా దొరికి, కొన్న తేదీలూ ఈసుకుపోయిన తేదీలూ పక్కన పెట్టి చూస్తేనే ఏమైనా అనగలం.  

జవాబు – జనరల్ మెడిసిన్ వైద్యురాలు, కరీంనగర్

నాన్నగారి చికిత్స జీనోమ్ ఫలితం కోసం ఆగవలసిన పని లేదు. డాక్సీసైక్లిన్‌తో పాటు రిఫాంపిసిన్ గానీ స్ట్రెప్టోమైసిన్ గానీ ఇవ్వడం స్థిరపడిన పద్ధతి. డాక్సీసైక్లిన్ మామూలుగా ఆరు వారాలు వాడాలి, నడుము ఎముకకు పాకితే ఇంకా ఎక్కువ కాలం. జ్వరం తగ్గింది కదా అని మధ్యలో మానేసిన వారికి తిరగబెట్టే అవకాశం ఎక్కువ. విడవని జ్వరం, నడుము నొప్పి కలిసి వస్తే మన ప్రాంతంలో ముందుగా వెన్నెముక క్షయ అనుకుంటారు. ఆయన పశువుల మధ్య పనిచేస్తారన్న సంగతి ప్రతి డాక్టరుకూ మీరే చెప్పండి.

మందులు మొదలయ్యాక రక్తం కల్చర్‌లో బ్యాక్టీరియా దొరికే అవకాశం బాగా తగ్గుతుంది. మందులకు ముందు కల్చర్‌కు రక్తం తీసి ఉంటే ఆ ల్యాబ్‌ను వెంటనే అడగండి. తీసి ఉండకపోతే మనిషి వైపు నమూనా లేనట్టే, అప్పుడు పోల్చడానికి గొర్రెల నుంచి దొరికే బ్యాక్టీరియా జీనోమ్ ఒక్కటే మిగులుతుంది.

జవాబు – పశువైద్యుడు, మహబూబాబాద్

తమ్ముడూ, ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. మీ కళాశాల ల్యాబ్‌లో దీన్ని పెంచే ప్రయత్నం అస్సలు చేయవద్దు. ప్రయోగశాలల్లో పనిచేసేవారికి తరచుగా అంటుకునే బ్యాక్టీరియాల్లో బ్రూసెల్లా ఒకటి, దీనికి మూడో స్థాయి జీవభద్రత ఉన్న గది కావాలి. ముందు మామునూరు పశువైద్య కళాశాల వారితో మాట్లాడండి. మళ్లీ ఏ గొర్రె అయినా ఈసుకుపోతే, చేతికి తొడుగు, ముఖానికి మాస్కు లేకుండా ముట్టుకోకండి. మాయ ముక్కను, పిండాన్ని రెండు సంచుల్లో మూసి ఐసు మీద పంపాలి. పిండం కడుపులోని ద్రవం కల్చర్‌కు చాలా మంచిది. మిగిలినదంతా సున్నం చల్లి లోతుగా పూడ్చండి, కుక్కలకు అందనివ్వకండి.

ఇక బర్రె సంగతి. దూడగా ఉన్నప్పుడు దానికి బ్రూసెల్లా టీకా వేశారా? 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద నాలుగు నుంచి ఎనిమిది నెలల ఆడదూడలకు ఎస్19 టీకా వేస్తున్నారు. అది బతికున్న అబార్టస్ టీకా కాబట్టి కొన్ని పశువుల్లో తర్వాత కూడా రోజ్ బెంగాల్ పాజిటివ్ రావచ్చు. చెవి బిళ్ల మీది 12 అంకెల నంబరు మీ పశువైద్యశాలలో చూపిస్తే టీకా వివరం దొరకవచ్చు.

ఓరుగల్లు విద్యార్థి

అందరికీ ధన్యవాదాలు. కల్చర్‌కు రక్తం తీయలేదట. బర్రె చెవికి బిళ్ల ఉంది, రేపు పశువైద్యశాలకు వెళ్తాను. బర్రెకు వచ్చిన పాజిటివ్ టీకా వల్లనా, జబ్బు వల్లనా అన్నది తేల్చడానికి కూడా జీనోమ్ మొత్తం చదవాలా?

జీవసమాచార పరిశోధకుడు, హైదరాబాద్

అక్కరలేదు. బర్రె పాల నుంచి బ్యాక్టీరియా దొరికితే బ్రూస్-లాడర్ అనే పీసీఆర్ (డీఎన్ఏలో ఎంచుకున్న భాగాలను ఎన్నో రెట్లు పెంచి చూసే పరీక్ష) చాలు. ఎస్19లో ఎరిత్రిటాల్ అనే చక్కెరను వాడుకునే జన్యువుల దగ్గర 702 అక్షరాలు ఎగిరిపోయి ఉంటాయి, ఆ ఖాళీ వల్లనే అది బయటపడుతుంది. జాతి ఏదో కూడా అదే పరీక్ష చెబుతుంది, ఖర్చు చాలా తక్కువ. గొర్రెల నుంచి బ్యాక్టీరియా దొరికి, అది మెలిటెన్సిస్ అని తేలి, అమ్మినవారు తమ మందను పరీక్షించడానికి ఒప్పుకుంటే అప్పుడు జీనోమ్ గురించి మళ్లీ ఇక్కడ రాయండి.